పసుపు చీర ఒక్కటే చేరిన మెయిళ్ళు

2003వ సంవత్సరం, ఆషాఢమాసపు చివరి శుక్రవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ధర్మవరంలోని నాగభూషణంగారి పట్టుచీరల అంగడిలో ఫోను మోగింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కనుక ఆ పూట బేరమేమీ లేదు. నాగభూషణంగారు తెల్లటి పరుపు మీద కూర్చుని, కొత్తగా వచ్చిన చీరల మడతలను ముక్కు దగ్గర పెట్టుకొని చూస్తున్నారు. మగ్గం మీదినుంచి దిగిన పట్టుకు ఒక పచ్చి వాసన ఉంటుంది. అది ఆరకముందే చీర ఒకరి ఇంటికి చేరాలన్నది ఆయన పట్టింపు. ఫోను ఆయనే ఎత్తారు. అవతలి మాట నాకు వినబడలేదు కాని, ఆయన ముఖం కనబడింది. కొంతసేపు విని, ఫోనును అరచేత్తో మూసి, మూలనున్న కంప్యూటరు బల్ల దగ్గర కూర్చున్న నన్ను పిలిచారు.

"ఏమ్మా రజియా, బెంగళూరు నుంచి సుశీలమ్మంట, మాట్లాడతాండాది. కూతురు పెండ్లికి మన కంప్యూటర్లో తొమ్మిది చీరలు రాసి పంపినాదంట. మనమేమో పసుపు చీర ఒగటి పార్సిలు చేసి ఊరకుండామంట. మనకు వచ్చిండేది ఒగటే కదా?"

"ఒకటే సార్. మెయిల్లో ఒకటే ఉండాది."

"మరి కడమ ఎనిమిదీ యాడ పోయినాయి?"

నేను ఆ మెయిలును మళ్ళీ తెరిచి చూశాను. ఆయన చెయ్యి తీసి ఫోనులో ఏదో సర్దిచెప్పబోయారు. అవతలి గొంతు ఈసారి నా బల్ల వరకు వచ్చింది. "సోమవారం నేనే వస్తాండా. మీ పసుపు చీర మీ ముందరే పెట్టి అడుగుతా."

ఆ ఫోను మోగి ఎన్నో ఏళ్ళయింది. పోయిన నెల పెనుకొండలో మా చెల్లెలు నాయన కుట్టుమిషనును తన ఇంటికి తీసుకొనిపోవడానికి మనిషిని పిలిపించింది. నాయన పోయి చాలా కాలమైంది, మిషను మాత్రం ముందుగదిలో కదలకుండా ఉన్నది. దాని మీద కప్పిన గుడ్డను తీసి మడత పెడుతూ, అంచు దగ్గర వెలిసిపోయిన పసుపు రంగును చూచి నేను అక్కడే కూర్చుండిపోయాను. చెల్లెలికి అది పాత నూలు గుడ్డ. నాకు మాత్రం ఆ శుక్రవారం నుంచి సోమవారం దాకా నా కాళ్ళు ఒక చోట నిలువని రోజులన్నీ అందులో ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు పెనుకొండలో, కొండ నీడ సాయంత్రం తొందరగా పడే వీధిలో ఉండేది. మేము ముసల్మానులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన దస్తగిరి దర్జీ. ముందుగది నిండా కత్తిరించిన గుడ్డ పీలికల వాసన, మిషను నూనె వాసన, అమ్మ రోట్లో నూరే చెనక్కాయ ఊరుబిండి పచ్చడి వాసన కలిసి ఉండేవి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆకలి వేస్తుంది. గోడకు నాయన వరుసగా కొక్కేలు కొట్టి, కుట్టడం అయిపోయిన రవికలను వాటికి తగిలించేవారు. చదువు రాకపోయినా పేర్లు అక్షరాల ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేవారు. ప్రతి కొక్కెం మీద నా చేత పేరు రాయించిన చిన్న అట్టముక్క ఉండేది. అవ్వ ఆ అట్టలను చూచి "ఏం పాపా, గోడకు కూడా బడి చెప్తాండావా" అని ఎగతాళి చేసేది. మా వంశంలో డిగ్రీ దాకా చదివినది నేనే మొదలు. హిందూపురం కాలేజీలో బి.ఎస్సీ. ముగించి, అక్కడే ఒక కంప్యూటరు సెంటరులో వెబ్‌పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాను.

నాయన రవికలు కుట్టడమే కాక నాగభూషణంగారి అంగడికి చీరల ఫాల్ కుట్టి ఇచ్చేవారు. వారానికొకసారి మూట భుజాన వేసుకొని ప్యాసింజరు బండిలో ధర్మవరం వెళ్ళేవారు. అంగడి ముందు అరుగు మీద మూట దించి, అక్కడే కూర్చునేవారు. "లోపలికి రా దస్తగిరీ" అని నాగభూషణంగారు పిలిస్తే, "ఈడ గాలి బాగుండాది సామీ" అనేవారు. అరుగు మీద గాలేమీ ఉండేది కాదు, ఎదురుగా ఎండ ఉండేది. ఎవరూ ఆయనను రావద్దన్నది లేదు. చేతిపని తెచ్చేవాడి చోటు అరుగే అని తనకు తానే ఒక గీత గీసుకున్నారు, అంతే. అటువంటి మనిషి, నాగభూషణంగారు బెంగళూరు, హైదరాబాదుల నుంచి పెళ్ళి ఆర్డర్లు కంప్యూటరు మీద తెప్పించుకోవాలని ఆశపడుతున్నారని విని, అరుగు మీదినుంచే తన జీవితంలో మొదటిసారి ఒక మాట పూచీగా చెప్పారు. "మా పాప చేస్తాది సామీ. దాని చేతికిచ్చిన పని చెడదు." ఆ మాట మీదనే నాకు ఆ బల్ల దొరికింది. చెడితే నా ఉద్యోగం ఒక్కటే పోదు, నాయన మాట కూడా పోతుంది. శుక్రవారం పదిన్నర దాటాక నన్ను కూర్చోనివ్వనిది అదే.

పని చిన్నదే. పేజీలో గడులుంటాయి. చూసేవారు వాటిని నింపి బొత్తాం నొక్కితే, ఒక చిన్న ప్రోగ్రాము ఆ గడులలో ఉన్నదంతా ఏరుకొని, మెయిలుగా రాసి అంగడికి పంపుతుంది. మొదట నేను పేరు, ఊరు, ఫోను, వాటి కింద ఒక చీరకు ఒక వరుస పెట్టి చూపించాను. అది సరిగ్గా పనిచేసింది. నాగభూషణంగారు చూచి నవ్వారు. "పెండ్లికి ఒగ చీరేందమ్మా? తలంబ్రాల చీర, అత్తగారిది, ఆడబిడ్డది, మేనత్తది, అమ్మమ్మది... అన్నీ ఉండాల. కడాకు ఇంటిదేవర పసుపు చీర. అది మాత్రం వాళ్ళు రాసే పని లేదు, ముందే రాసి పెట్టు." ఆ అంగడి ఆచారం అది. పెళ్ళి చీరల పట్టీ ఎప్పుడూ మనిషి పేరుతో ముగియకూడదు, ఇలవేల్పు అయిన ఇంటిదేవర పేరుతో ముగియాలి. ఆ చివరి పసుపు నూలు చీరను అంగడే ఉచితంగా ఇస్తుంది, అడగకుండానే రాసుకుంటుంది. నేను మొదటి వరుసను నకలు చేసుకుంటూ కిందికి అతికించాను. పైన కనబడే పేర్లు మార్చాను. చివరి వరుసలో "ఇంటిదేవర, పసుపు, నూలు, ఒకటి" అని ముందే నింపి ఉంచాను. బొత్తాం నొక్కి చూశాను. మెయిలు వచ్చింది. అందులో పసుపు చీర ఉన్నది. తృప్తిపడ్డాను.

తరువాత మెయిళ్ళు రాసాగాయి. పేరు, ఊరు, ఫోను, పసుపు చీర ఒకటి. మళ్ళీ ఇంకొకటి, అదే విధంగా. ఖాళీగా వచ్చి ఉంటే ఆ రోజే అనుమానం కలిగేది. అవి ఎంతో నిండుగా, మర్యాదగా కనబడేవి. నాకు లోలోపల వింతగా ఉండేది కాని, పెళ్ళివారు మొదట దేవరకే చీర తీసుకుంటారేమో, అది వారి పద్ధతేమో అనుకున్నాను. అడిగితే ఇంత మాత్రం తెలియదా అంటారని మానుకున్నాను. నాగభూషణంగారికేమో పద్ధతి బాగా తెలుసు, దేవర చీర ఒక్కటే ఎవరూ అడగరని తెలుసు. కాని కంప్యూటరులో వచ్చినది తప్పుగా ఎలా ఉంటుందని ఆయన మానుకున్నారు. దేవర చీరకు ఫోను చేసి బేరం మాట్లాడటం ఆయన మర్యాదకు ఒప్పలేదు. ఒక్కొక్కరికే పసుపు చీర పార్సిలు చేసి, శ్రావణం బాగుంటుందని సంతోషిస్తూ కూర్చున్నారు. ఆయన నా విద్యను నమ్మారు, నేను ఆయన ఆచారాన్ని నమ్మాను. ఇద్దరమూ ఒకరినొకరు ఒక్క మాట అడిగి ఉంటే పదినిమిషాలలో తేలిపోయేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. మొదట ఫోను లైనును అనుమానించాను. ధర్మవరంలో ఆ రోజుల్లో టెలిఫోను తీగ మీదనే ఇంటర్నెట్టు, మధ్యలో తెగిపోవడం మామూలే. తెగితే సగం మెయిలు రావాలి, ఎప్పుడూ అదే సగం ఎందుకు వస్తుంది? తరువాత సుశీలమ్మగారినే అనుమానించాను, ఆమె మిగతా ఎనిమిదీ నింపలేదేమో అని. ఆ ఆలోచనకు నాకే సిగ్గు వేసింది. నాగభూషణంగారు మెల్లగా అన్నారు. "నేను నిన్నేమీ అనలేదమ్మా. సోమవారం ఆ యమ్మకు జవాబు చెప్పలేకపోతే మాత్రం ఈ కంప్యూటరుకు గుడ్డ కప్పి, పాత రకంగా ఫోనులోనే రాసుకుంటాను. మీ నాయనకు ఎట్ల చెప్పాలో నువ్వే చెప్పు."

సాయంత్రం బండిలో పెనుకొండలో దిగవలసిన దానిని, దిగకుండా హిందూపురం దాకా వెళ్ళాను. మార్కెట్టు నుంచి వచ్చే పట్టుగూళ్ళ వాసన, ఆటోల పొగ, బెంగళూరు బస్సుల వాళ్ళ కేకలు దాటుకొని సెంటరు మెట్లెక్కాను. నాకు పాఠాలు చెప్పిన సుధాకర్ సార్ తలుపులు వేయబోతున్నారు. ఆయన మాటలో సగం కన్నడం. "స్వల్ప తాళమ్మా, కొంచెం ఓపిక పట్టు. సర్వరు వాళ్ళు ఏమన్నా మార్చి ఉంటారు. రేపు పొద్దున్నే చూద్దాం." రాత్రికి ఇంటికి వచ్చి, శనివారం ఉదయమే మళ్ళీ వెళ్ళాను. సర్వరు వాళ్ళు ఏమీ మార్చలేదని అప్పుడే తేలింది. ప్రోగ్రామును వరుస వరుసా చదివాము. అన్ని గడుల కోసమూ అది అడుగుతూనే ఉన్నది. పరీక్షకు తొమ్మిది వరుసలూ నింపి పంపాను. పసుపు చీర ఒకటి వచ్చింది. మళ్ళీ పంపాను. మళ్ళీ పసుపు చీర. సార్ తన మీసం మీద చెయ్యి వేసుకొని, "ఏమమ్మా, మీ దేవర చానా గట్టిది మాదిరుండాదే, ఎవురినీ రానిచ్చేది లేదంటాది" అన్నారు. సెంటరులోని వాళ్ళందరూ నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది కాని, ఏడవలేదు.

శనివారం దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. ముందుగదిలో ఒకావిడ గొంతు చించుకుంటోంది. పెనుకొండలో కొండ కింది దర్గాలోని బాబా మీద భక్తితో హిందువులూ ముసల్మానులూ ఆడపిల్లలకు బాబమ్మ అని పేరు పెట్టుకుంటారు. మా వీధి చుట్టుపక్కలే బాబమ్మలు నలుగురైదుగురు. వచ్చినావిడ బావి దగ్గరి బాబమ్మ. అమ్మ కొక్కెం మీదినుంచి తీసి ఇచ్చిన రవిక చేతులు ఆవిడ మోచేతి దగ్గరే ఇరుక్కుపోయాయి.

"ఇది నాదా దస్తగిరన్నా? నా మనవరాలికి కూడా పట్టదే! నీకు కండ్లు కనపడ్తాండాయా లేదా?"

"కొక్కెం మీద నీ పేరే ఉండాది కదమ్మా" అన్నారు నాయన, అట్టముక్క చూపిస్తూ.

"నా పేరు ఊరు మీద ఎంతమందికి ఉండాది! మిద్దింటి బాబమ్మది ఇది. నాది యాడ పెట్టినావు?"

నాయన లేచి కొక్కెం దగ్గరికి వెళ్ళి తడిమారు. కింద మరో రవిక లేదు. ఎవరో అంతకుముందే బాబమ్మదని అడిగి తీసుకొనిపోయారు. ఇంతకాలం ఆ పేరు గలవారి రవికలన్నీ ఆయన ఆ ఒక్క కొక్కేనికే తగిలిస్తూ వచ్చారు. ఏ బాబమ్మ వచ్చినా చెయ్యి పెట్టగానే అందేది అన్నిటికంటె చివర తగిలించినది. "రేపు పొద్దునకు నీది తెచ్చిస్తాను పోమ్మా, అరవొద్దు" అంటున్నారు నాయన. నేను చెప్పులు కూడా విడవకుండా గడప మీద నిలబడిపోయాను.

వెబ్‌పేజీలోని ప్రతి గడికి రెండు పేర్లుంటాయి. ఒకటి చూసేవారికి కనబడేది. మరొకటి లోపల, ప్రోగ్రాముకు మాత్రమే తెలిసేది. నేను వరుసలను నకలు చేసినప్పుడు పైకి కనబడే పేర్లు మార్చాను. లోపలి పేరు మార్చలేదు. తలంబ్రాల చీరకు, అత్తగారి చీరకు, మేనత్త చీరకు, ఇంటిదేవర చీరకు లోపల ఒకటే పేరు. ప్రోగ్రాము వాటినన్నిటినీ ఒకే కొక్కేనికి తగిలించింది. ఒకదాని మీద ఒకటి పడుతూ, చివరిది మాత్రమే చేతికి అందింది. ఆ చివరిది మా అంగడి ఆచారం ప్రకారం ముందే నిండి ఉన్నది. అందువల్ల పోయినవి పోయాయని ఎవరికీ తెలియలేదు.

"ఏం పాపా, అట్ల నిలబడినావు? పాము ఏమన్నా ఉండాదా?" అని అవ్వ లోపలినుంచి అడిగింది. నేను అట్టముక్కలు, పెన్ను తీసుకొని, నాయన పక్కన కూర్చుని, "బావి కాడ బాబమ్మ", "మిద్దింటి బాబమ్మ", "స్టేషను బాబమ్మ" అని వేరు వేరుగా రాసి ఇచ్చాను. నాయన కొత్త కొక్కేలు కొట్టారు. ఆయనకు నా ఉద్యోగం సంగతి అప్పటికీ చెప్పలేదు. నేనూ ఆయనా ఒకే రకం పొరపాటు చేశామని చెప్పాలని ఉన్నది, సోమవారం గడవకుండా చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఆదివారం సెంటరు తెరిపించుకున్నాను. సుధాకర్ సార్ ఒక అడ్డదారి చెప్పారు. అలా చేస్తే చీరలన్నిటి స్థానంలో "అర్రే" అని పలికే, వరుస అని అర్థమిచ్చే ఒక ఇంగ్లీషు ముక్క మాత్రమే వచ్చింది. సార్ కూడా ఈసారి నవ్వలేదు. నేను ఒక్కొక్క గడికే విడిగా లోపలి పేరు పెట్టుకుంటూ, ఒక్కొక్కదానినే నింపి పంపుతూ, వచ్చినదానిని చూచుకుంటూ మధ్యాహ్నం దాటించాను. అన్నీ వచ్చాయి. కాని పాత మెయిళ్ళలో లేనివి ఇక ఎక్కడా లేవు. అవి ఎవరి చేతికీ అందకుండానే పోయాయి. పేరు, ఫోను మాత్రం మిగిలాయి.

సోమవారం అంగడి తెరవగానే ఆ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. నాగభూషణంగారు "లైనుదే తప్పని చెప్పు" అన్నారు. నేను "మీరు రాసినది మాకు చేరలేదండీ, పొరపాటు మాదే, మళ్ళీ చెబితే రాసుకుంటాను" అనే చెప్పాను. ఒకరు వేరే చోట కొనేశామన్నారు. ఒకరు కోపంతో పెట్టేశారు. చిలమత్తూరు నుంచి పోయి బెంగళూరులో పనిచేసుకుంటున్న ఒకాయన మాత్రం, "మా అమ్మ ఆ పసుపు చీర అప్పుడే దేవరకు కట్టేసిందమ్మా. ఇంక వేరే అంగడికి యాడ పోతాము, రాసుకో" అని చీరలన్నీ చెప్పారు.

పదకొండు దాటాక సుశీలమ్మగారు కూతురితో వచ్చారు. చేతిలో మా పసుపు చీర. పరుపు మీద కూర్చోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"కంప్యూటరు పాపవు నువ్వేనా? నా ఎనిమిది చీరలు మింగిండేది ఇదేనా?"

"ఇదేనమ్మా. ఇప్పుడు మళ్ళీ రాసి చూడండి. మీ ముందరే చూద్దాం."

ఆమె కూతురు నా కుర్చీలో కూర్చుని ఎనిమిది వరుసలూ నింపింది. మోడెము కీచుమని అరచి, ఆగి, మళ్ళీ అరచింది. నాగభూషణంగారు పరుపు మీదినుంచి లేచి నా వెనుక నిలబడ్డారు. అదే సమయానికి బయట అరుగు మీద మూట దించిన చప్పుడైంది. నాయన వచ్చే రోజు అది. నేను తల తిప్పలేదు. మెయిలు తెరుచుకుంది. తలంబ్రాల చీర, మామిడిపిందెల అంచు, అత్తగారిది, ముదురాకుపచ్చ, ఒక్కొక్కటిగా ఎనిమిదీ, వాటి కింద తొమ్మిదవదిగా ఇంటిదేవర. సుశీలమ్మగారు వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు.

"సరే. వచ్చినాయి. నేయించేదానికి టయిం లేదు కదప్పా నాగభూషణప్పా?"

"మగ్గం మీద ఒగటి దిగబోతాండాదమ్మా, మామిడిపిందెలదే. కడమవి ఈడే చూసుకోండి."

చూసుకున్నారు, ఎంచుకున్నారు, సాగదీసి అంచు గిల్లి చూశారు. తెచ్చిన పసుపు చీర తిరిగి ఇవ్వబోతే నాగభూషణంగారు చేతులు జోడించారు. దేవర పేరు మీద బయటికి పోయినది మళ్ళీ అరలో పెట్టరు. సుశీలమ్మగారు దానిని నా బల్ల మీద పెట్టారు. "నువ్వే పెట్టుకో పాపా. ఎనిమిది చీరలు పోగొట్టిండేది గుర్తుండాల." తరువాత అడిగారు. "ఫాల్ ఎవరు కుడతారు? కాలి పట్టీలకు తగులుకునే కుట్లు నాకు పనికిరావు."

"ఈ పాప వాళ్ళ నాయనే" అన్నారు నాగభూషణంగారు.

"యాడుండాడు?"

"బయట."

"బయటుంటే నేను చీర యాడ చూపించాల? లోపలికి రమ్మనండి."

నాయన చెప్పులు విడిచి, మూట పట్టుకొని, గడప లోపల అడుగు పెట్టారు. ఎక్కడ దించాలో తెలియక చుట్టూ చూచారు. నేను బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాను.

ఇప్పుడు నేను హిందూపురంలో పిల్లలకు ఇదే విద్య చెబుతున్నాను. ఫోను తెరిస్తే మన పేరు, మన ఊరు ముందే నిండి వస్తాయి. సగానికి సగం మనం అడగనివే మన కోసం రాసి ఉంటాయి. అది సౌకర్యమే. కాని పిల్లలు తయారుచేసిన పేజీ నిండుగా కనబడినప్పుడల్లా నాకు కుదురుండదు. లోపలి పేర్లు చదవమంటాను. ముందే నింపిన గడిని ఒకసారి ఖాళీ చేసి పంపమంటాను. వారికి అది నా చాదస్తంగా తోస్తుంది. ఆ పసుపు చీరను ఆ సాయంత్రం ఇంటికి తెస్తే, దేవర చీర మనమేం చేసుకుంటామని అమ్మ సందేహించింది. నాయన దానిని నాలుగు మడతలు వేసి మిషను మీద కప్పారు.

ఆ సోమవారం తరువాత నాగభూషణంగారి పేజీలో చివరి వరుస ఖాళీగానే ఉండేది. దేవర చీరను ఆయన మెయిలు చదివాక తన చేత్తో రాసుకునేవారు. నా ఉద్యోగం నిలిచింది. నాయన ఆ తరువాత ఎన్నడూ మూటను అరుగు మీద దించలేదు, లోపలికి తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు.